రోడ్డు మధ్యలో గీత

పత్రికాఫీసులో ఆమెను అందరూ స్కేలమ్మ అంటారు. కంప్యూటర్లు వచ్చి ఇన్నేళ్లయినా డ్రాయరులో స్టీలు స్కేలు దాచుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఎవరైనా తప్పుడు అంకె తెస్తే దాంతోనే బల్ల మీద ఒక్కటి వేస్తుంది కాబట్టి ఆ పేరే స్థిరపడింది. ఇరవై రెండేళ్లుగా వార్తలకు బొమ్మలు గీయడమే ఆమె పని. వాన ఎక్కడెంత కురిసిందో, కొత్త బస్సు ఏ సందు తిరిగి ఎటు పోతుందో, కూరగాయల ధర ఏడాదిలో ఎలా ఎగబాకిందో రెండంగుళాల్లో చూపించేస్తుంది. రిపోర్టర్లు నాలుగు కాలమ్‌లు రాసి మురిసిపోతారు గానీ జనం ముందు చూసేది ఆమె బొమ్మనే. ఈ సంగతి వాళ్లకు నచ్చదు. ఆమెకు మహా నచ్చుతుంది.

ఆ మంగళవారం ఆ బొమ్మే కొంప ముంచింది.

ఊరి చివర బట్టల ఫ్యాక్టరీ ముందు పెద్ద రోడ్డుంది. లోపల కుట్టుపని చేసే ఆరువందల మంది ఆడవాళ్లు లారీల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాన్ని దాటుతారు. వాళ్లలో స్కేలమ్మ చెల్లెలు ఒకతె. సిగ్నల్ కోసం రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగితే ఎట్టకేలకు మంజూరైంది. తీరా పని మొదలయ్యే వేళకు, మంగళవారం మీటింగులో ట్రాఫిక్ ఆఫీసరు పోయిన నెల పత్రికలో స్కేలమ్మ గీసిన బొమ్మ పైకెత్తి చూపించాడు. "ప్రమాదాలు ముప్పై ఒకటి నుంచి పద్నాలుగుకి తగ్గాయి. పత్రికే చెబుతోంది కదా, ఇంక సిగ్నల్ దేనికి?" అన్నాడు. ఫైలు మూసేశారు. ఆ మూసిన పెద్దమనుషుల్లో ఒక్కడు కూడా ఆ రోడ్డు నడిచి దాటిన పాపాన పోలేదు.

కబురు మోసుకొచ్చిన రిపోర్టరు ముఖం మాత్రం వెలిగిపోతోంది. "మీటింగంతా మీ బొమ్మ గురించే మేడమ్!"

స్కేలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నవ్వడానికి సిగ్గులేదూ? అక్కడ మనుషులు చస్తుంటే తగ్గాయంటావా? ఆ అంకెలు తెచ్చిందెవరు?"

"ట్రాఫిక్ వాళ్ల ఆఫీసే ఇచ్చింది మేడమ్."

"ఇస్తే గుడ్డిగా తెచ్చెయ్యడమేనా?" అని అరిచి, అంతలోనే ఆగిపోయింది. గుడ్డిగా గీసింది తనే. గ్రాఫులో పొడుగు కమ్మీ పక్కన పొట్టి కమ్మీ ముచ్చటగా కుదిరిందని ముచ్చటపడి పంపేసింది. రెండేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టే ముందు, ఈలోగా హద్దులేమైనా మారాయా అని ప్రతివాణ్ణీ పీక్కుతినే మనిషి, ఈసారి ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు. మిగతావాళ్ల మీద కన్నా తన మీదే ఆమెకు ఎక్కువ ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున్నే ఆ అంకెలు పుట్టిన పోలీసు స్టేషనుకు వెళ్లింది. కేసులు రాసే రైటరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు.

"మా అంకె తప్పు కాదమ్మా. పోయినేడు రోడ్డంతా మాదే. ఈ ఏడు కొత్త స్టేషన్ వచ్చింది కదా, హద్దు రోడ్డు మధ్య గీత మీదుగా వేశారు. ఇటు పడితే మా కేసు, అటు పడితే వాళ్ల కేసు."

"మరి ఆ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"ఎవరూ అడగలేదమ్మా."

రోడ్డుకు అటువైపున్న కొత్త స్టేషన్లో ఇరవై మూడు కేసులున్నాయి. పద్నాలుగూ ఇరవై మూడూ కలిపితే ముప్పై ఏడు. తగ్గడం దేవుడెరుగు, ఆరు పెరిగాయి. ఏ ప్రమాదం ఎక్కడ జరిగిందో రెండు చోట్లా రాసుకుని, మధ్యాహ్నం అన్నాల వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి చేరింది. చెల్లెలు బయటికొచ్చింది. మోచేతికి కట్టు ఉంది.

"ఏమైందే ఆ చేతికి?"

"ఏం లేదక్కా. మూడు వారాలైంది. ఇక్కడే దాటుతుంటే బైకు తగిలింది."

"మూడు వారాలా! నాతో ఒక్క ముక్క చెప్పలేదేం? కేసు పెట్టావా?"

చెల్లెలు తల దించుకుంది. "నీ బొమ్మ మా క్యాంటీన్ గోడకి నేనే అంటించానక్కా, మా అక్క గీసిందని. ప్రమాదాలు సగానికి సగం తగ్గాయని ఉంది కదా. అంత మంచి రోడ్డు మీద కూడా పడ్డానంటే, చూసుకోని తప్పు నాదే అనుకున్నా."

స్కేలమ్మ కాగితం తీసి, రెండు స్టేషన్ల లెక్క కింద చెల్లెలు పడిన చోటు కూడా రాసుకుంది.

సాయంత్రానికి మ్యాపు సిద్ధమైంది. రోడ్డు, మధ్యలో పసుపు గీత, గీతకు ఇటు పద్నాలుగు ఎర్ర చుక్కలు, అటు ఇరవై మూడు. ముప్పై చుక్కలు ఫ్యాక్టరీ గేటు ముందే కుప్పపడ్డాయి. గేటుకు ఎదురుగా ఇంకొకటి నల్లగా, 'కేసు పెట్టనిది' అన్న మాటతో ఉంది. న్యూస్ ఎడిటర్ చూసి గడ్డం గోక్కున్నాడు.

"ఆరో పేజీలో రెండు లైన్ల సవరణ వేసేద్దామమ్మా. పత్రిక పరువు కూడా చూసుకోవాలి కదా."

"తప్పు మొదటి పేజీలో అరచెయ్యంత వేశాం సార్. సవరణ ఆవగింజంతా? పరువు పోతే నాదే పోనివ్వండి. గీసింది నేనని నా పేరు వెయ్యండి. అదే పేజీ, అదే సైజు."

ఆమె చేతిలో స్కేలుంది. ఆయన దాని వంకా, ఆమె వంకా చూసి, మొదటి పేజీలో జాగా ఖాళీ చేయించాడు.

శుక్రవారం పదింటికి ట్రాఫిక్ ఆఫీసరే ఫోన్ చేశాడు. గొంతులో తేనె కారుతోంది.

"మ్యాపు చూశాం మేడమ్. సిగ్నల్ ఫైలు మళ్లీ తెరుస్తున్నాం. మీరో చిన్న సాయం చెయ్యాలి. రెండు స్టేషన్లూ కలిపినా మా దగ్గర ముప్పై ఏడే ఉన్నాయి. గేటు ముందున్న ఆ నల్ల చుక్కకి కేసే లేదు. రేపటి పత్రికలో ఆ ఒక్కటీ తీసేసి వేస్తే సరిపోతుంది."

"ఆ చుక్క మా చెల్లెలండీ," అంది స్కేలమ్మ. "ఇప్పుడు లోపల చొక్కాలు కుడుతోంది. ఐదున్నరకి అక్కడే రోడ్డు దాటుతుంది. మీరే వచ్చి, నువ్వు పడలేదమ్మా అని దాని మొహం మీద చెప్పండి. అప్పుడు తీస్తాను."

ఆమె ఫోను పెట్టేయలేదు, జవాబు కోసం అలాగే పట్టుకు కూర్చుంది.