పెరుగన్నం పెట్టని మేడమ్

నాకు పరిశోధన నేర్పిన మా మేడమ్ పోయారని ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను తిరుపతిలోని మా ల్యాబులో ఒక సీసాను కిటికీ వెలుగుకు పట్టి చూస్తున్నాను. నీళ్లింకా పసుపుగానే ఉన్నాయి. సత్యవేడు దగ్గర ఒక రైతు బావి నీళ్లవి. ఇనుప సామానుకు మెరుగుపూత వేసే ఫ్యాక్టరీ ఒకటి వదిలిన క్రోమియం ఆ బావిలోకి దిగింది. దాని విషం విరిచే సూక్ష్మజీవుల కోసమే మేడమ్ చివరి ఏళ్లన్నీ పెట్టారు; సీసాలో వేసింది వాటినే. ఫలితం చూడకుండా ఇంత తొందరేమిటని, ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది.

ఆమె కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. నడుస్తూనే పాఠం చెప్పేవారు, నడుస్తూనే తినేవారు. గుడి కైంకర్యం చేసే ఇంటి ఆడపడుచు, చీర ఎగ్గట్టి ఫ్యాక్టరీ కాలువలో దిగి బురద తెచ్చేవారు. వాళ్లమ్మ పెరట్లో తలస్నానం చేయించి గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదట. "మడి నా ఒంటికే గానీ నా పనికి గాదు" అని నవ్వేవారు. ఆ విషంలో బతుకుతున్న జీవులకే దాని పని పట్టడం తెలుసని ఆమె నమ్మకం.

ఒకసారి ఆమే పొరపాటు చేశారు. జీవులు నీరసంగా ఉన్నాయని జాలిపడి, క్రోమియం లేని కమ్మని ద్రవంలో చాన్నాళ్లు పెంచారు. దండిగా పెరిగాయి, పని మరిచిపోయాయి. "పెరుగన్నం పెట్టి సెడగొట్టినాను బ్బా" అని ఎన్నిసార్లు చెప్పుకున్నారో. అప్పటి నుంచి వాటి మేతలో చిటికెడు విషం ఉండాల్సిందే. మాకూ అంతే. బాగుందన్న మాట ఆమె నోట వినలేదు. "ఇంకోసారి సెయ్ పో" అన్నదే దీవెన. అప్పట్లో విసుక్కునేదాన్ని, ఇప్పుడు ఆ మాటకే మొహం వాచి ఉన్నాను.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడూ "పసుపు పోయిందా?" అనే అడిగారు. లేదన్నాను.

"పోయినా ఎగరబాకు. రంగు పోతే సగం పనే. ఆ క్రోమియమే అడుగున మడ్డిగా దిగుతాది సూడు, దాన్ని తియ్యాల, నీళ్లు మళ్లా పరీక్ష సెయ్యాల. అంతవరకూ ఆ రైతుకు మాటియ్యబాకు."

ఆమె కర్మ కాకముందే సీసాలో నీళ్లు తేటబడ్డాయి. రోజూలాగే రైతు ఫోన్ చేశాడు.

"తెల్లగైనాయా మ్మా? ఆవులకు తాపొచ్చునా?"

అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఇంకా లేదన్నా. అడుగున మడ్డి ఉండాది."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, సీసా చేత్తో పట్టుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నాను. తేట నీళ్ల అడుగున పాచిరంగు మడ్డి లేచి తిరుగుతోంది. నేను ఆగితే గానీ అది దిగదు. ఆగబుద్ధి కావడం లేదు.