శనివారం రాత్రి షిఫ్టూ, ఆకాశంలో జంట రాళ్ళూ

మొన్న పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నానో లేదో, నిప్పుల బండ ఒకటి భూమి మీదికి దూసుకొస్తున్నట్టు బొమ్మ వేసి, వెనక ఢమఢమ చప్పుడు పెట్టి, ఇక అయిపోయింది మన పని అన్నట్టు ఒకాయన అరవడం మొదలుపెట్టాడు. ఓపిక పట్టి చివరిదాకా వింటే తేలిందేమిటంటే, ఆ రాయి చందమామకంటే ఎన్నో రెట్ల దూరంనుంచి తన దారిన తాను పోతోందట, దాని చుట్టూ ఇంకో చిన్న రాయి తోడుగా తిరుగుతోందట. ఆ రెండో ముక్కను మాత్రం ఆ పెద్దమనిషి గబగబా మింగేశాడు. అసలు చెప్పుకోవలసింది అదే కదా అని నాకు ఒళ్ళు మండి టీవీ కట్టేశాను. కట్టేశాక కూడా కుర్చీలోంచి లేవలేకపోయాను. అలాంటి జంట రాయి ఒకదాని కోసం, రాష్ట్రం ఇంకా రాకముందు, నేనూ మా అక్క భర్త అయిన బావా ఒక రోజంతా గుండెలు చిక్కబట్టుకుని తిరిగిన సంగతి కళ్ళముందుకు వచ్చింది.

నేనప్పుడు గోదావరిఖనిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. బావ బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. ఆయనకు చదువు మీద పెద్ద గురి లేదు కానీ అద్దాలన్నా మోటార్లన్నా ప్రాణం. నేను చీటీ ఎత్తి టెలిస్కోపు కొంటే, అది నక్షత్రాల వెంట దానంతటది తిరిగేలా మోటారు బిగించింది ఆయనే. దాన్ని వాళ్ళ క్వార్టరు మిద్దె మీద పెట్టుకున్నాం. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగు తిరిగేదో మన తరంవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆ బొగ్గుదుమ్ములో అద్దాన్ని కాపాడటానికి మా అక్క పాత వాయిల్ చీరలు రెండు ఇచ్చుకుంది, ఇచ్చినందుకు నెలకోసారి మమ్మల్ని దెప్పుకుంది కూడా. ఇక రామగుండం పవర్ స్టేషన్ దీపాల వెలుగుకు ఆకాశం ఆ దిక్కున ఎప్పుడూ పండిన బొప్పాయి రంగులో ఉండేది.

మాలాంటి వాళ్ళు లోకంలో అక్కడొకరూ ఇక్కడొకరూ ఉండి, కంప్యూటర్ ఉత్తరాల ద్వారా ఒకరికొకరు తెలిసేవాళ్ళు. ఆ విధంగానే ఒక దూరదేశపు మేడంతో నాకు పరిచయమయింది. ఎక్కడో సముద్రం నడుమ దీవిలో, కొండల మధ్య బోర్లించని గిన్నెలా కట్టిన మహా పెద్ద రాడారు ఒకటి ఉండేది. దానితో రేడియో అలలను రాయి మీదికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుని, ఆ రాయి రూపం గీయడం ఆమె పని. ఒక జంట రాయి భూమికి దగ్గరగా రాబోతోంది, మళ్ళీ అంత దగ్గరికి మన జన్మలో రాదు. అయితే ఆ గిన్నె కదలదు, రాయి దాని నెత్తిమీదికి వచ్చిన కాసేపే చూడగలదు. పైగా దాని కోసం కాచుకున్నవాళ్ళు బోలెడుమంది కాబట్టి ఆమెకు దొరికేది ఒక్కపూట. ఏ రోజు పూట అడగాలన్నదే ప్రశ్న. చిన్నరాయి పెద్దదాని పక్కకు జరిగి ఉన్నప్పుడు చూస్తేనే రెంటి నడుమ దూరం తెలుస్తుంది, దాన్నిబట్టి పెద్దరాయి బరువు తెలుస్తుంది. వెనక దాక్కున్న రోజు చూస్తే పూట దండగ.

చిన్నది ఎప్పుడు ఎక్కడుంటుందో చెప్పవలసింది మాలాంటి మిద్దెమీది వాళ్ళం. అది పెద్దదాని వెనక్కి పోయినప్పుడు వెలుగు కొంచెం తగ్గుతుంది, ఆ తగ్గిన వేళను పట్టుకుంటే మిగతాదంతా లెక్కే. వాళ్ళకు పగలైనప్పుడు మనకు రాత్రి కనుక మన వైపునుంచి చూసేవాళ్ళు తప్పనిసరి. ఈ సంగతి విడమరిచి చెబితే బావ ఒక్క ముక్కలో తేల్చేశాడు, అయితే మనది నైట్ షిఫ్టన్నట్టు అని. ఐరోపాలో చూడవలసిన ఆయన ఇంటిమీద ఆ వారమంతా మబ్బులు. దాంతో భారమంతా మా మిద్దె మీద పడింది. మా ఊరి పేరు కూడా పలకలేని మనుషులు మా మాట మీద ఆధారపడి ఉన్నారంటే నాకు గర్వంగానూ ఉండేది, గుబులుగానూ ఉండేది.

అవి సమ్మె రోజులు. బాయిల్లో బొగ్గు తీయడం ఆగిపోయి, కరెంటు గంటల తరబడి పోయేది. జనం ఉక్కకు అల్లాడుతుంటే మేమిద్దరమే లోపల్లోపల సంతోషించాం, ఎందుకంటే అంత చీకటి మా ఊరికి ఎన్నడూ పట్టలేదు, అన్ని చుక్కలు ఎన్నడూ కనబడలేదు. ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి టెలిస్కోపుకు బిగించిన కెమెరాకూ కంప్యూటర్‌కూ తగిలించాడు బావ. కరెంటు దెబ్బకు ఆ పాత కంప్యూటర్ గడియారం తిక్కతిక్కగా నడిచేది కాబట్టి, చేతి గడియారాన్ని రేడియోతో సరిచూసుకుని వారమూ వేళా కాగితం మీద రాసేవాళ్ళం. సమ్మెలో కూడా బాయిలో నీళ్ళు తోడే పంపులు ఆగకూడదు కనుక ఆయనకు అప్పుడప్పుడు రాత్రిపూట డ్యూటీ పడేది. డ్యూటీ లేని ఒక రాత్రి, నేను ఒక చావుకబురు మీద వరంగల్ పోయి ఉండగా, ఆయనొక్కడే కూర్చుని ఆ వెలుగు తగ్గిన వేళను పట్టుకున్నాడు. నేను తిరిగొచ్చి ఆ కాగితం తీసుకుని, మన గంటలను వాళ్ళ గంటల్లోకి మార్చి, మేడంకు పంపాను. ఆమె ఎంతో సంతోషించి, మీరిచ్చిన వేళను బట్టే రోజు ఎంచుకున్నాను, మీ బుధవారం సాయంత్రం నా ప్రణాళిక పంపేస్తాను, ఆ తరువాత మార్చడం కుదరదు అని రాసింది.

ఆ బుధవారం బంద్. దారులన్నీ మూసుకుపోతే ఎక్కడికీ పోయే పనిలేక అక్కావాళ్ళు మా ఇంటికి భోజనానికి వచ్చారు. నేను ఉబ్బితబ్బిబ్బై, శుక్రవారం రాత్రి తెల్లవారగట్ల బావ చేసిన ఘనకార్యాన్ని మా ఆవిడకు వర్ణిస్తున్నాను. పప్పు వడ్డిస్తున్న అక్క గరిటె ఆపింది.

“శుక్రారం రాత్రి యాడిది తమ్మీ? ఆనాడు పంపుల కాడ డ్యూటీల ఉన్నడు. శనివారం రాత్రి మిద్దెమీద కూసున్నడు, గందుకే కదా ఆదివారం చర్చిల అందరి ముంగట గురకపెట్టి నా ఇజ్జత్ తీసిండు.”

కాగితం మీద శనివారం, రెండున్నర అని ఉంది కదా అన్నాను. అవును శనివారమే, శనివారం నైట్ షిఫ్టు తెల్లారేదాక శనివారమే కదా అన్నాడు బావ, నేనేదో వింత మాట అడిగినట్టు చూస్తూ. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బాయిలో రాత్రి షిఫ్టు ఏ రోజున మొదలైతే, తెల్లవారి పైకి వచ్చేదాకా అదే రోజు. నడుమ అర్ధరాత్రి దాటిందా లేదా అన్న పట్టింపు హాజరు రాసే మస్టరుకు లేదు, మనుషులకూ లేదు. మా నాన్న కూడా బాయి మనిషే, ఆ లెక్కలోనే పెరిగినవాణ్ణి, అయినా కాలేజీ క్యాలెండరు అలవాటుకొద్దీ శనివారం రెండున్నర అంటే శుక్రవారం పడుకుని లేచిన తెల్లవారుజాము అనుకున్నాను. సరిగ్గా ఒక రోజు తేడా. ఆ చిన్నరాయి పెద్దదాని చుట్టూ తిరిగి రావడానికి ఇంచుమించు మన రెండున్నర షిఫ్టులు, అంటే ఇరవై గంటలు పడుతుంది; ఒక రోజు తప్పితే, పక్కన ఉండాలనుకున్న వేళకు అది దాదాపు వెనక చేరి ఉంటుంది. ఆమె పూట మా మూలంగా బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

ఇప్పటివాళ్ళు ఒక ఫోన్ కొడితే పోయేదానికి అంత కంగారెందుకంటారు. కరెంటు లేక మా ఊళ్ళో నెట్ సెంటర్లన్నీ మూతపడ్డాయి, డీజిల్ అయిపోయి సెల్ టవర్లు మూగబోయాయి, ఇంటి ఫోను వానలకు ఎప్పుడో చచ్చింది. మంచిర్యాల స్టేషన్ దగ్గర ఒకాయనకు జనరేటర్ ఉందని తెలుసు. కానీ నడుమ గోదావరి, దాని మీద వంతెన, వంతెన మీద రాస్తారోకో. బావ చెయ్యి కడుక్కుని స్కూటర్ తీశాడు. తానే సమ్మెలో ఉన్న మనిషి బంద్ నాడు బండి తీయడమంటే తోటివాళ్ళలో తలెత్తుకోలేని పని, అది ఆయనకు తెలియక కాదు.

వంతెన మొదట్లోనే ఆపేశారు. రోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేస్తున్నారు, గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. అందరూ బావతో పనిచేసేవాళ్ళే, ఇద్దరు ముగ్గురు నా దగ్గర చదువుకున్నవాళ్ళు. వాళ్ళలో ఒకతను హ్యాండిల్ పట్టుకుని, తిట్టలేదు కానీ, తిట్టినా బాగుండేదనిపించేలా అడిగాడు.

“అన్నా, నువ్వే బండి తీస్తె మేమింకెవ్వలిని ఆపాలె?”

బావ తల దించుకున్నాడు. నేను కల్పించుకుని జంట రాళ్ళూ రాడారూ ప్రతిధ్వనీ అంటూ పాఠం మొదలుపెట్టాను. పాపం విన్నారు. విని, రాయి సంగతి తరువాత చూద్దాం సారూ, ముందు బువ్వ తినండని చేతిలో విస్తరి పెట్టారు. పొద్దు చూస్తే పడమటికి వాలుతోంది. ఆ విస్తరి పట్టుకుని నిలబడ్డ నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు బావ నోరు విప్పాడు.

“రాయిని ఇడిశిపెట్టుండ్రి. నేను శనివారం నైట్ షిఫ్టుల చేసిన పనిని, ఈ మా బామ్మర్ది శుక్రారం కింద రాసి పంపిండు. ఇయ్యాల దిద్దకపోతె ఆ మస్టరు పోయినట్టే.”

ఒక్కసారిగా అందరూ నావైపు తిరిగారు. అబ్బ, ఆ చూపులు. మస్టరు తప్పుపడటమంటే ఏమిటో అక్కడ తెలియని మనిషి లేడు. ఒళ్ళు హూనం చేసుకుని పనిచేసిన రాత్రి ఎవరి లెక్కలోకీ రాకుండా పోతే ఎట్లా ఉంటుందో ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు చవిచూసినవాడే. ఇంతసేపూ నేను చెప్పిన ఫిజిక్సుకు కదలనివాళ్ళు ఆ ఒక్క మాటకు కదిలారు. అయితే బంద్ బందే. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన ఒకాయన, మేమంతా కాక అని పిలిచే మనిషి, తీర్పు చెప్పాడు.

“బండి పోనియ్యం బిడ్డా. సైకిల్‌కు బంద్ లేదు. నాది తీస్కపో, జల్ది పో.”

స్కూటర్ అక్కడ వదిలేసి, నన్ను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని బావ తొక్కాడు. వంతెన అంత పొడుగని నాకు ఆనాడే తెలిసింది. దిగి నడుస్తానంటే వద్దన్నాడు. బొగ్గుదుమ్ము తిన్న ఊపిరితిత్తులు ఎట్లా గురగురమన్నాయో ఆయన వీపుకు ఆనుకున్న నా చెవికి తెలుసు. తప్పు నీదని ఆయన అనలేదు, తనదనీ అనలేదు; మన లెక్కతోని ఆమె పని ఆగమైతే మల్ల మన మాట ఎవ్వలు నమ్ముతరు అని మాత్రం ఒకసారి అన్నాడు. మంచిర్యాలలో నెట్ సెంటరు షట్టరు సగానికి దించి ఉంది. దాని కింద వంగి దూరి, మా శనివారం రాత్రి షిఫ్టంటే ఆదివారం తెల్లవారుజాము దాకా అని నాలుగు వాక్యాలు రాసి పంపాను. జవాబు లేదు. ఆమె నిద్ర లేచిందో లేదో, ప్రణాళిక పంపేసిందో ఏమో. బావ ఆ తెర ముందు స్టూలు వేసుకుని కూర్చుని, పోదాం పదమని నేనెంత చెప్పినా కదలకుండా దాన్నే చూస్తూ ఉన్నాడు. చీకటి పడుతుండగా ఒక చిన్న జవాబు వచ్చింది. పంపబోతూ ఆగానని, రోజు మార్చానని, మీ ఊళ్ళో రాత్రి అంత పొడుగని నాకు తెలియదని. ఆ చివరి మాటను తెలుగు చేసి బావకు రెండుసార్లు చెప్పాను.

కొన్నాళ్ళకు బొమ్మ వచ్చింది. నల్లటి మైదానంలో పెద్ద బూడిదరంగు మరక ఒకటి, దాని పక్కన, ఎడంగా, మెరుస్తూ చిన్న చుక్క. బావ దాన్ని కాగితం మీద అచ్చు తీయించి బాయి గేటు దగ్గరికి తీసుకుపోయాడు. సైకిలిచ్చిన కాక దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి గింతేనా అన్నాడట, కానీ మస్టరు పడ్డది కదా అని బావ భుజం తట్టాడట. బావ ముఖంలో ఆనాటి వెలుగు, ఆయన బిడ్డ పెళ్ళినాడు కూడా నేను చూడలేదు.

తరువాత రాష్ట్రం వచ్చింది. బావ పనిచేసిన బాయి మూతపడింది, దాని మీదుగా ఇప్పుడు మట్టి లారీలు పోతున్నాయి. కరెంటు పోవడం లేదు కాబట్టి మిద్దెమీంచి చుక్కలూ కనబడటం లేదు. అరచేతిలోనే నెట్టు ఉంది, తప్పు తారీఖు దిద్దడానికి నది దాటనక్కరలేదు, దిద్దుకోవాలన్న తపన కూడా ఎవరిలోనూ అంతగా కనిపించదు. దీవిలోని ఆ మహా గిన్నె కూడా కొన్నేళ్ళ కిందట తీగలు తెగి కూలిపోయింది. ఆ కబురు నేను దవాఖానాలో ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్న బావకు చెప్పాను, చెప్పకుండా ఉండవలసింది. ఆయన మాస్కు పక్కకు జరిపి, ఆ చిన్నది ఇంకా పెద్దదాని పక్కకే ఉన్నదా అని అడిగాడు. ఉంది బావా అన్నాను. చూసినవా అన్నాడు.

నేను చూడలేదు. మళ్ళీ ఎవరూ చూడలేదు. అది ఇద్దరికీ తెలుసు కాబట్టి, నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు నేనేం చెప్పినా అందరూ తలూపి నమ్ముతారు. చూసినవా అని అడిగే మనిషే లేడు.