మా ఆయన ఖాళీగా ఉన్నారు

ఊరందరి లిఫ్టులూ బాగుచేసే మనిషి కాపురం ఉండేది లిఫ్టు లేని మేడలో, మూడో అంతస్తులో. ఆ మాట ఎవరన్నా అని నవ్వితే లిఫ్టాయన కూడా నవ్వేవాడు, భార్య మోకాళ్లు అరిగిపోయేదాకా. ఆ తర్వాత ఆమె మెట్లు దిగడం మానేసింది. ఇంట్లోనే ఉండే మనిషికి ఏదో ఒక కాలక్షేపం కావాలి కదా. కూతురు తన పాత కంప్యూటరు తెచ్చిపెట్టి ఒక ఆట నేర్పింది.

ఖాళీ నేల మీద ఇద్దరు మనుషుల్ని దింపి ఊరు కట్టించడం, అంతే ఆ ఆట. వాళ్లు విత్తనాలు చల్లుతారు, గదులు కడతారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్లై చనిపోతారు. మొదటి ఇద్దరికీ పేర్లు పెట్టమంటే ఆమె ఒకరికి 'నేను' అనీ, రెండో మనిషికి 'మా ఆయన' అనీ పెట్టింది. ఇక చూడండి తమాషా. ఆ ఆటను తెలుగు చేసినవాళ్లెవరో గానీ అందరికీ గౌరవం ఇచ్చేశారు. తెర మూలన ఒకటే కబుర్లు. 'నేను వంట చేస్తున్నారు.' 'నేనుకు నిద్ర వస్తోంది.' 'మా ఆయన ఖాళీగా ఉన్నారు.' ఆ చివరిది కనబడినప్పుడల్లా ఆమె పడీపడీ నవ్వేది.

"ఏవండీ, మీరు ఇక్కడైనా కాస్త ఖాళీగా దొరికారు!"

"ఈ వయసులో నీకు ఆటలేమిటే," అని ఆయన సంచీ భుజాన వేసుకుని పనికి పోయేవాడు. ఆమె కట్టిన ఊరిని ఒక్కసారైనా కూర్చుని చూసిన పాపాన పోలేదు.

ఆస్పత్రిలో ఆమె పోయిన రోజు ఆయన ఒక ఆఫీసులో, రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టు దగ్గర ఉన్నాడు. "నాన్నా, త్వరగా రా," అని కూతురు ఫోను చేసింది. లిఫ్టులో అయిదుగురున్నారు, వదిలేసి ఎలా పోతాడు? మోటారు గదిలో బ్రేకు వదిలించి, చక్రం చేత్తో తిప్పుతూ అంగుళం అంగుళంగా కిందికి దించాడు. బయటికొచ్చిన పెద్దమనిషి ఆలస్యమైందని చీవాట్లు పెట్టాడు. అవి తిని ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. నాలుగో రోజు మళ్లీ పనిలోకి వెళ్లాడు. ఇంట్లో కూర్చుని ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

తర్వాత కూతురు ఆ ఆట తెరిచి చూపించింది. తల్లి ఆపిన చోటే ఊరు ఆగి ఉంది. జనం నలభై మందయ్యారు. 'నేను'కు ఎనభై రెండేళ్లు, మంచం పట్టింది. ఆమె మనవరాలు నిండు నెలల మీద ఉంది.

"ఇక నుంచి నేనాడతాను నాన్నా. అమ్మ ఊరు ఆగిపోకూడదు."

"ఆడితే ఈవిడ పోతుందా?"

"వయసైపోయింది కదా. ఎంతో కాలం ఉండదు."

"అయితే ముట్టుకోకు."

ఏడు నెలలు ఎవరూ ముట్టుకోలేదు. ఆదివారాలు ఆయన కంప్యూటరు తెరిచి, ఎక్కడి మనుషులు అక్కడే నిలబడ్డ ఆ ఊరిని చూస్తూ కూర్చునేవాడు. చివరికి కూతురే ఉండబట్టలేక, "ఆ పిల్లకి ఎన్నాళ్లని నొప్పులు రాకుండా ఆపుతావు?" అంది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఏ మీట ఎందుకో అడిగి నేర్చుకున్నాడు. ఈసారి మాత్రం పక్కన ఉండాలి, ఆయన కోరిక అదొక్కటే. 'మా ఆయన' ఊరి అవతల చెక్కలు కోస్తున్నాడు, ఆ వయసులో కూడా! లిఫ్టాయన కాలాన్ని కొద్దికొద్దిగా నడిపించి ముందు అతనికి కడుపునిండా పెట్టించాడు, మధ్యలో ఆకలని లేవకుండా. తర్వాత నిద్రపుచ్చాడు. ఆ తర్వాత రోగి పక్కన కుర్చీలో కూర్చోమని ఆజ్ఞ ఇచ్చాడు. అన్నీ రెండోసారి సరిచూసుకుని కాలాన్ని పూర్తిగా వదిలాడు.

'మా ఆయన నేనుతో మాట్లాడుతున్నారు,' అని వచ్చింది. ఏం మాట్లాడుతున్నాడో ఆట చెప్పదు. మనవరాలికి ఆడపిల్ల పుట్టిందన్న కబురూ వచ్చింది గానీ ఆయన దాన్ని సరిగా చూడనే లేదు. కాసేపటికి ఇంకో కబురు.

'నేను ఇక లేరు.'

ఏడు నెలలుగా రాని ఏడుపు ఆ వంకర వాక్యానికి వచ్చింది. వెక్కివెక్కి ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని చూస్తే కుర్చీలో మనిషి లేడు. కూర్చోమన్న ఆజ్ఞ రోగితోనే అయిపోయింది. 'మా ఆయన' అప్పుడే గుమ్మం దాటి, చెక్కలు కోయడానికి చకచకా నడుస్తున్నాడు.

"కూర్చోరా," అన్నాడు లిఫ్టాయన. తర్వాత గొంతు చించుకుని అరిచాడు. "కాసేపన్నా కూర్చోరా, సిగ్గులేనివాడా! ఎక్కడికి పోతున్నావు?"

పక్కగదిలోంచి కూతురు పరుగెత్తుకొచ్చింది. తెరనీ తండ్రినీ చూసి, మెల్లగా మీట మీద చెయ్యి వేసింది.

"ఆపేయనా నాన్నా?"

"వద్దులే, పోనీ," అన్నాడు. "వాడికి ఇంకేం చేతనవుతుంది."