బ్యాటరీలో బావి నీళ్లు

నా చిన్నప్పుడు మా హాలు కిటికీలు పగటిపూట కూడా మూసే ఉండేవి. లోపలి కుర్చీలు, బల్లలు అమ్ముడుపోయాయని మా ఊరు యాలాల్‌లో దారిన పోయేవాళ్లకు తెలియకూడదని మా తాతయ్య పట్టుదల. అందుకే ఇంటిల్లిపాదీ ఆ హాల్లో ఫోటో దిగాలనుకున్నప్పుడు, ఫ్లాష్ ఉన్న మనిషి కోసం తాండూరుకు కబురు వెళ్లింది.

తాండూరులో ఒంటిగది స్టూడియో నడిపే ఫోటో చాచా భుజాన తోలుసంచితో బస్సు దిగాడు. సంచిలో ఉన్నది ఫ్లాష్‌ను వెలిగించే బ్యాటరీ. లోపలిదంతా కనబడే పెట్టె, అందులో మూడు రంగుల గోలీలు. గోలీలు తేలితే ఛార్జింగ్ నిండుగా ఉన్నట్టు, మునిగితే అయిపోయినట్టు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పక్కన కూర్చుని అడిగితే, చంటిబిడ్డను సాకడం గురించి చెప్పినట్టు చెప్పాడు. వాడినా వాడకపోయినా నెలకోసారి ఛార్జింగ్ పెట్టాలి. ఖాళీ అయ్యాక అలాగే వదిలేయకూడదు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, గీత దాకా పోయాలి.

"గిట్ల సూసుకుంటే నాలుగేండ్లు బతుకుతది, చిన్న దొరసానీ. లేకుంటే నాలుగు నెల్లే."

ఆ ఒక్క బ్యాటరీ ఉండబట్టే ఆయనను పెళ్లిళ్లకు పిలిచేవారు.

ఆ రోజు నీళ్లు గీతకు కిందికి దిగి ఉన్నాయి. వెంట తెచ్చుకున్న సీసా బస్సులో పగిలిపోయింది. రెండు ఫోటోలు తీసి ఆపేస్తానని, మిగతావాటికి మళ్లీ వస్తానని చాచా అన్నాడు. బావి ఉంది కదా, నీళ్లు పోసుకొమ్మన్నారు తాతయ్య.

"వద్దు దొరా. బండల గనుల దిక్కు మనది, బాయి నీళ్లల్ల సున్నం ఉంటది. బ్యాటరీ సచ్చిపోతది."

భూములు పోయాక మాకు మిగిలిన గొప్ప ఆ బావి ఒక్కటే.

"నిజాం కాలం తాలూక్‌దార్లు తాగి మెచ్చుకున్న నీళ్లురా ఇవి. నీ డబ్బకు పనికిరావా?" అన్నారు తాతయ్య.

"చాచా, నీ డబ్బ నవాబుల ఖాందాన్‌దా ఏంది?" అన్నాడు చిన్నాన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నీళ్లు తెమ్మని తాతయ్య నన్నే పంపారు. పరుగెత్తుకెళ్లి చెంబు నిండా తెచ్చాను. చాచా ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. నేను చెంబు ముందుకు చాపాను. ఆయన చేతులతోనే గీత దాకా పోయించారు తాతయ్య. దొర ముందు సంచి ఎత్తుకుని వెళ్లిపోగలిగిన మనిషి మా వైపు అప్పటికింకా పుట్టలేదు.

ఫోటోలు చక్కగా వచ్చాయి. వాటిని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించి, "సచ్చిందా బ్యాటరీ?" అని తాతయ్య చాలా రోజులు నవ్వారు.

ఆ ఎండాకాలం చిన్నాన్నతో తాండూరు వెళ్లినప్పుడు స్టూడియోలోకి తొంగిచూశాను. ఊరంతా పెళ్లి బాజాలు మోగుతున్న ముహూర్తాల రోజున చాచా ఖాళీగా కూర్చుని ఉన్నాడు. నన్ను పిలిచి, ఆసిడ్ పారబోసి కడిగిన బ్యాటరీని బల్ల మీద పెట్టాడు. లోపలి రేకులు నీళ్లు కాగే గిన్నె అడుగులా తెల్లగా పెచ్చు కట్టి ఉన్నాయి.

"తాళి కట్టెటప్పుడే ఆగిపోయింది. పందిట్లనే నన్ను కొట్టిన్రు," అన్నాడు. గొంతులో కోపం లేదు. చిన్నాన్న వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

చాచా ఆ పెట్టె నా చేతుల్లో పెట్టాడు. "నువ్వు తెచ్చిన నీళ్లే గదా. నువ్వే తీస్కపో."

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. సీటు కింద పారెయ్యమని చిన్నాన్న అన్నా నా వల్ల కాలేదు. ఇంటికి వచ్చాక తాతయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సామాను సూసుకునుడు రాదు వానికి," అని పక్కన పెట్టేశారు.

ఈ వయసులోనూ నేను ఎవరి ముందూ తల వంచే మనిషిని కాను. మా ఇంటిపేరు ఎవరైనా తేలిగ్గా పలికితే ఊరుకోను. అయినా పనిముట్టు గురించి పనివాడు వద్దంటే, అక్కడితో నా నోరు మూతపడుతుంది. మా తాతయ్య ఆ రోజు చాచా మాట నమ్మలేదు, నాతోపాటు నవ్వినవాళ్లూ నమ్మలేదు. ఆ నీళ్లు పోస్తే బ్యాటరీ చస్తుందని నమ్మినవాళ్లు ఆ హాల్లో ఇద్దరే ఉన్నారు. ఒకరు వద్దని చెప్పిన ఫోటో చాచా. రెండోదాన్ని చెంబు తెచ్చిన నేను.