మిలటరీ జీపుకు పర్దా

అరవైల్లో, నా పెళ్లయిన కొత్తలో, మావారు వేలంలో ఒక పాత మిలటరీ జీపు కొన్నారు. "నాలుగు చక్రాలూ గుంజుతయి. యుద్ధంల గుట్టలెక్కింది, వాగులు దాటింది" అని ఇంటికొచ్చిన వాళ్లందరి దగ్గరా ఒకటే పాట.

నాకు వరంగల్లులో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. నాంపల్లిలో రైలెక్కాలి. తోడొస్తానన్న అత్తయ్య జీపును చూసి ఆగిపోయారు.

"తలుపుల్లేవ్, ఏం లేవ్. నలుగురు సూస్తరు. రిక్షాకు కట్టినట్టు పర్దా కట్టు, లేకుంటే నేనెక్క."

మావారు ఆవిడ పాత చీరే జీపు చుట్టూ కట్టారు.

అబిడ్స్ పోస్టాఫీసు ముందు ఆ చీర జారి వెనక చక్రానికి చుట్టుకుంది. పర్దా మొత్తం ఊడొచ్చి బండి ఆగిపోయింది. వెనక బస్సుల హారన్లు, చుట్టూ జనం. మావారు జీపు కిందికి దూరి, "గుట్టలెక్కిన బండి..." అని గొణుగుతున్నారు.

"గుట్టల సంగతి తర్వాత, ముందు ఈ చీర దాటించండి!" కొత్త కోడలినని కూడా మరచి అరిచాను.

అత్తయ్య దిగి రిక్షాను పిలిచారు. మేం ఎక్కగానే రిక్షా అతను అలవాటుగా పర్దా దించబోయాడు.

"ఏం అక్కర్లే," అన్నారు అత్తయ్య. "అబిడ్సంత సూసింది గద. జల్ది పోనీ!"

రైలు అందింది, ఉద్యోగమూ వచ్చింది. అత్తయ్య మళ్లీ పర్దా మాటెత్తలేదు. మావారు మాత్రం గుట్టల మాట నేటికీ మానలేదు.