దక్షిణ గుమ్మం, ఎనభై వేలు

మేం అద్దెకున్న మేడకు ఇరవై రెండు మెట్లు. అది మా ఆవిడ లెక్క. మిషన్ బడిలో లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. మోకాళ్ళు నొప్పి పెట్టడం మొదలయ్యాక మెట్లు లెక్కపెడుతూ ఎక్కేది. పన్నెండో మెట్టు మీద ఆగి, "ఇంటర్వెల్" అనేది నవ్వుతూ. నేనూ నవ్వేవాణ్ణి. డాక్టరు మాత్రం నవ్వలేదు. "మెట్లు మానెయ్యండమ్మా, లేకపోతే మోకాళ్ళు మిమ్మల్ని మానేస్తాయి" అన్నాడు.

లిఫ్టున్న ఇల్లు కావాలి. అమరావతి రోడ్డు వైపు కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లు చూడటం మొదలుపెట్టాం. తూర్పు గుమ్మమైతే 'ఫేసింగ్ ఛార్జీలు' అని విడిగా రెండు లక్షలు అడుగుతున్నారు. సూర్యుడు అందరికీ ఉచితంగానే ఉదయిస్తాడు, ఆయనకెదురుగా తలుపు పెట్టుకుంటే మాత్రం బిల్డరుకు కట్టాలట. నలభై ఏళ్ళుగా వాస్తుకు వ్యతిరేకంగా సభల్లో గొంతు చించుకుంటున్నవాణ్ణి, ఆ రెండు లక్షలు నేను కడతానా?

మాకు ఇళ్ళు చూపించిన ఏజెంటు అంతకుముందు పాతికేళ్ళు మిర్చి యార్డులో దలాలీ చేశాడు. ఇళ్ళ బేరాల్లోకి వచ్చినా భుజం మీద తువ్వాలు వదల్లేదు. ఆయన స్కూటరు డిక్కీ తెరిస్తే ఇప్పటికీ తుమ్ములొస్తాయి. ఒకరోజు దక్షిణ గుమ్మం ఫ్లాటొకటి చూపించాడు. రెండో అంతస్తు, లిఫ్టు పక్కనే, రెండు వైపులా గాలి. నలభై లక్షలు.

"ఏడాదిగా అట్టాగే పడుంది సార్. ఎవరొచ్చినా గుమ్మం చూసి వెనక్కి తిరుగుతున్నారు."

"మరి మీరు? మీ ముస్లిముల్లో వాస్తు లేదుగా?" అన్నాను.

"మాకు లేకపోతే ఏం సార్, కొనేవాళ్ళకి ఉందిగా!"

"మా చర్చిలో వాళ్ళు కూడా ముందు ఈశాన్యం ఎటో చూసి, తర్వాతే ప్రార్థన పెట్టిస్తున్నారు" అంది మా ఆవిడ. ఆమె లిఫ్టు మీట నొక్కి పైకీ కిందికీ రెండుసార్లు తిరిగొచ్చింది. అంత సంతోషం ఆమె ముఖంలో చూసి చాలా రోజులైంది.

చిక్కల్లా డబ్బు దగ్గరే. రిటైరైనప్పుడు వచ్చిందీ, దాచుకున్నదీ కలిపితే ఫ్లాటు ధరకు సరిపోతుంది, రిజిస్ట్రేషన్‌కు మాత్రం ఎనభై వేలు తక్కువ పడుతుంది. ఈ వయసులో అప్పు చెయ్యకూడదని ఇద్దరం అనుకున్నాం. నెలాఖరులోగా ఎవరూ కొనకపోతే బిల్డరు ఆ ఫ్లాటును తన ఆఫీసు గెస్టు హౌసుగా మార్చేస్తానంటున్నాడు.

ఈ సంగతి విన్న ఏజెంటు అటూ ఇటూ చూసి, తువ్వాలు తీసి నా చేతిమీద కప్పాడు. దాని కింద నా అయిదు వేళ్ళూ ఒకసారి, మూడు వేళ్ళు ఒకసారి నొక్కాడు.

"ఏంటిది? ముందు అయిదు వేళ్ళూ, తర్వాత మూడూ నొక్కుతారేంటి?" అని చెయ్యి లాక్కున్నాను.

మా ఆవిడ పకపకా నవ్వింది. ఆమె తండ్రి కౌలుకు మిరప వేసినవాడు. తువ్వాలు కింద వేళ్ళతో ధర చెప్పుకునే బేరాలు చిన్నప్పుడే చూసింది. "అయిదూ మూడూ ఎనిమిది. ఎనభై వేలు ఇస్తానంటున్నాడు."

అప్పుడు నోరు విప్పాడాయన. మామూలు ఫ్లాటు అమ్మిస్తే బిల్డరు రెండు శాతం కమీషన్ ఇస్తాడు. అమ్ముడుపోని ఈ దక్షిణ గుమ్మానికి నాలుగు శాతం ఇస్తానన్నాడు, అంటే లక్షా అరవై వేలు. అందులో సగం మాకు వదులుతాడు. "మీకు ఇల్లొస్తది, నాకు బేరం తెగుద్ది. కానీ బిల్డరు గారి ముందు ఈ మాట ఎత్తొద్దు సార్."

అక్కడ నాకు కాలింది. ఆ కమీషన్ ఆకాశం నుంచి ఊడిపడదు. నేనిచ్చే ధరలోంచే బిల్డరు ఇస్తాడు. నా డబ్బులో కొంత నాకు తిరిగి రావడంలో దాపరికం ఎందుకు? "మంచి పనికి తువ్వాలు అక్కర్లేదు. అందరి ముందూ మాట్లాడదాం" అన్నాను.

"మేడంగారూ, మీరైనా చెప్పండి!" అన్నాడాయన.

"నలభై ఏళ్ళుగా చెబుతున్నానయ్యా!"

మర్నాడు సైటు ఆఫీసుకు వెళ్ళాం. బిల్డరు పేపరు కప్పుల్లో టీ ఇప్పించాడు. పక్క కుర్చీల్లో తూర్పు ఫ్లాటు కొన్న దంపతులు తాళాల కోసం ఎదురుచూస్తున్నారు. వినేవాళ్ళుంటే నాకు ఊపొస్తుంది. ఏజెంటు వదిలే సగం గురించి సూటిగా చెప్పేశాను. అక్కడ ఆగితే సరిపోయేది. దిక్కులు మనిషి పెట్టుకున్న గుర్తులనీ, దక్షిణం నుంచి గాలొస్తుంది తప్ప యముడు రాడనీ పావుగంట దంచాను. టీ చల్లారింది.

బిల్డరు ఓపిగ్గా విని చేతులు జోడించాడు. "మీరు చెప్పింది అక్షరాలా నిజమండీ. కళ్ళు తెరిపించారు. దక్షిణానికి దోషం లేదు. అలాంటప్పుడు దానికి నాలుగు శాతం ఎందుకివ్వాలి? అన్నిటితోపాటు రెండు శాతమే!"

ఎన్నో చర్చల్లో పండితుల నోళ్ళు మూయించినవాణ్ణి. నా వాదన గెలిచి నా నోరే మూతపడటం అదే మొదటిసారి. ఏజెంటు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. రెండు శాతంలో సగమంటే నలభై వేలు. మిగతా నలభై ఎక్కడినుంచి తెస్తాం? నా కళ్ళముందు ఇరవై రెండు మెట్లూ కనబడ్డాయి. వాటిని నా ఉపన్యాసంతో నేనే మళ్ళీ కట్టాను.

మా ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. "ఒక చిన్న సందేహం బాబూ. దక్షిణానికి దోషం లేదంటే తూర్పుకు గొప్పా లేనట్టేగా?"

"అంతేగదండీ మరి" అన్నాడు బిల్డరు నవ్వుతూ.

"అయితే తూర్పు ఫ్లాట్ల వాళ్ళ దగ్గర తీసుకున్న ఫేసింగ్ ఛార్జీలు ఎప్పుడు వెనక్కిస్తున్నారు?"

నవ్వు ఆగిపోయింది. పక్క కుర్చీలోని భర్త ముందుకు వంగాడు. "అవునండీ, మా దగ్గర రెండు లక్షలు తీసుకున్నారు! ఏమే, విన్నావా? గొప్పేం లేదంట!"

"ఆయన నోటితో ఆయనే అన్నాడుగా! ముందు మన రెండు లక్షలు అడుగు!" అంది భార్య.

"అబ్బే, అబ్బే!" బిల్డరు కుర్చీలోంచి లేచాడు. "సరదాకి అన్నానండీ. తూర్పు తూర్పే! దక్షిణానికి దోషం ఉంది, ఉంది. బోలెడంత ఉంది."

"అయితే నాలుగు శాతం?" అంది మా ఆవిడ.

"నాలుగే! నాలుగే!"

నేను మళ్ళీ నోరు తెరవబోయాను. టేబులు కింద మా ఆవిడ నా కాలు తొక్కింది. ఏజెంటు చప్పున తువ్వాలు నా చేతిమీద కప్పి అయిదూ మూడూ నొక్కాడు. ఈసారి చెయ్యి లాక్కోలేదు. పైగా, తువ్వాలు జారకుండా రెండో చేత్తో పట్టుకున్నాను కూడా. ఆ దంపతులకు న్యాయంగా నేను అండగా నిలబడాల్సింది. నిలబడలేదు. దానికి సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను. తర్వాత వాళ్ళే బిల్డరు వెంటపడి, రెండు లక్షల బదులు కారు పార్కింగు ఊరికే రాయించుకున్నారు. నా కంటే గట్టివాళ్ళు.

ఒక్క పట్టు మాత్రం వదల్లేదు. మా ఎనభై వేలు చేతిలో పెట్టడం కాదు, ధర కాగితంలోనే తగ్గించి రాయమన్నాను. ఏజెంటు ఒప్పుకున్నాడు, బిల్డరు సంతకం పెట్టాడు. అమావాస్య నాడు రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాం. ఆఫీసులో ఈగలు తప్ప ఎవరూ లేరు. అరగంటలో పని అయిపోయింది. అంత మంచి ముహూర్తం ఎవరూ పెట్టలేరు.

ఇప్పుడు ఆ ఏజెంటు నెలకోసారి మా తలుపు తడతాడు, వెనకాల దక్షిణ గుమ్మమంటే జంకే మనుషుల్ని వేసుకుని. "వీళ్ళు నిరుటినుంచి ఇక్కడే ఉంటున్నారండీ, చూసుకోండి" అంటాడు. వాళ్ళు నన్ను ఎగాదిగా చూస్తారు, బతికే ఉన్నానా లేదా అని. నేను వాదన మొదలుపెట్టేలోపు ఆయన అడ్డుపడతాడు.

"సారు మాటలు తర్వాత విందురుగానీ, ముందు మేడంగారిని చూడండి."

మొన్న అలా వచ్చినప్పుడు మా ఆవిడ బజారు నుంచి వస్తోంది. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో పాల ప్యాకెట్లు. గోడ పట్టుకోలేదు, ఎక్కడా ఆగలేదు. నేరుగా దక్షిణ గుమ్మంలోంచి లోపలికొచ్చి, "మెట్లు లేకపోతే లెక్కపెట్టడానికి ఏమీ దొరకట్లేదయ్యా" అని వాళ్ళందరికీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.