రాళ్లు మార్చిన ఇల్లు

మా తమ్ముడు పోయాడని నాతో ఎవరూ అనలేదు. తెల్లవారి ప్రార్థన ముగించి లేస్తుంటే జగ్గయ్యపేట నుంచి మరదలు ఫోన్ చేసింది. "వదినా, మీ తమ్ముడు లేవట్లేదు. పిలుస్తూనే ఉన్నా," అంది. ఆమె గొంతు వెనక అమ్మ కూడా పిలుస్తూ ఉంది. నందిగామలో బస్సెక్కి నేను వెళ్లేసరికి ఇద్దరూ పిలవడం మానేశారు.

నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టరుగారు. వాడికి యాభై నిండలేదు.

ఇది చదివేవారిలో కొందరికి వాడు నందిగామ బడిలో సైన్సు చెప్పిన మాష్టారు. జగ్గయ్యపేటలో మాత్రం చేపల మాష్టారు. ముందుగదిలో గోడ పొడవునా గాజు తొట్టి, దాని ఎదురుగా వాడి కుర్చీ. తొట్టిలో అన్నీ సిక్లిడ్ జాతి చేపలే. చూడ్డానికి అందంగా ఉంటాయి, ఒకదాన్నొకటి బతకనివ్వవు. విజయవాడలో కొని, నీళ్లు నింపిన కవర్లలో బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాడు, పసిపిల్లల్ని తెచ్చినట్టు.

వాటి పేర్లు చెప్పి నవ్వించేవాడు. నల్ల చారలున్నదాన్ని కాన్విక్ట్ అంటారు, ఖైదీ అని. "చారల చొక్కా చూసి జైల్లో వేశారు పెద్దక్కా. అది చేసిన నేరమల్లా గుడ్ల దగ్గరికి ఎవర్నీ రానివ్వకపోవడం," అనేవాడు. ఏంజెల్ కూడా ఈ జాతిదేనట. "దేవదూత పేరు పెట్టుకుని పక్కదాని తోక కొరుకుద్ది. మీ చర్చి సంఘంలో లేరూ ఇట్టాంటోళ్లు?" నవ్వకూడదనుకుంటూనే నవ్వేదాన్ని.

ఫైర్‌మౌత్ అనేదానికి కోపమొస్తే గొంతు కింద ఎర్రగా ఉబ్బుతుంది, నిప్పు మింగినట్టు. బెదిరించడమే గాని కరవడం తక్కువ. అది ఉబ్బినప్పుడల్లా వంటింటివైపు తిరిగి, "అమ్మా, నీ చెల్లెలు పిలుస్తోంది," అనేవాడు.

"ఉండరా, దాన్నీ నిన్నూ కలిపి పులుసు పెడతా," అనేది అమ్మ.

కొత్త చేపని తెచ్చిన రోజు వాడికో పద్ధతి ఉండేది. దాన్ని వదిలేముందు తొట్టిలో రాళ్లన్నీ బయటికి తీసేవాడు. కీసర దగ్గర మునేట్లో ఏరుకొచ్చిన రాళ్లవి. కడిగి, ఏదీ పాత చోట ఉండకుండా మళ్లీ పేర్చేవాడు. ఎందుకురా ఈ చాకిరీ అంటే, "పాతదానికి ప్రతి రాయీ తనదే అక్కా. కొత్తది ఎక్కడ నిలబడినా తప్పే. రాళ్లు మారిస్తే అందరికీ కొత్తిల్లే. చోటు వెతుక్కోవడంలో పడి కొట్టుకోవడం మర్చిపోతాయి," అన్నాడు.

వాడి పెళ్లి ఆలస్యంగా జరిగింది. అమ్మాయిది మైలవరం. మొదటి భర్త పోయాడు. "ఒకణ్ణి పోగొట్టుకున్నదాన్ని తెస్తావా నా ఇంటికి?" అని అమ్మ అలిగి నందిగామ వచ్చి నా దగ్గర కూర్చుంది. వాడు ఎదురు చెప్పలేదు. బతిమాలలేదు కూడా. పెళ్లినాడు అమ్మని నేనే నచ్చజెప్పి చర్చికి తీసుకెళ్లాను. అక్కణ్ణుంచి కోడలితో కలిసి ఇంట్లో అడుగుపెట్టిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. మంచాలు, బీరువా, బియ్యం డ్రమ్ము, పచ్చడి జాడీలు, ఏదీ ఉన్నచోట లేదు.

"నా పోపులపెట్టె ఏదిరా?"

"ఏమోనమ్మా. ఇద్దరూ వెతుక్కోండి."

అమ్మ తిడుతూ వెతికింది. పెళ్లి చీరలోనే మరదలూ వెతికింది. డ్రమ్ము వెనక దొరికితే తెచ్చి రెండు చేతులా అందించింది. అమ్మ ఆ పెట్టె అందుకుని, "సరే, ఎక్కడ పెడదాం?" అంది. తమ్ముడు నావైపు చూసి కళ్లు దించుకున్నాడు. వాడు అంత తృప్తిగా ఉండగా నేను మళ్లీ చూడలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఊళ్లో షాపులవాళ్లు కలిసొస్తుందని గల్లాపెట్టె పక్కన ఫ్లవర్‌హార్న్ చేపని పెట్టుకోవడం మొదలుపెట్టారు. బట్టల షాపు శెట్టిగారు ఒకటి చాలదని, అదే తొట్టిలో రెండోదాన్ని వేశారు. పొద్దునకి ఒకటే మిగిలింది. "పేరులో పువ్వుంది కదండీ మాష్టారూ," అని వాపోయారు. "పేరు మనం పెట్టిందేనండి. దానికేం తెలుసు," అన్నాడు తమ్ముడు.

ఆ మాట నాకు వాడి శవం పక్కన గుర్తొచ్చింది. దగ్గరి చుట్టం ఒకావిడ, "ఇద్దర్ని మింగిందమ్మా," అంది. మరదలు విన్నది. అమ్మ కూడా విన్నది. అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడం చూసే నాకు భయమేసింది.

ఆదరణ కూడిక ప్రార్థనలు అయిపోయి పాస్టరుగారు వెళ్లాక, మరదలు సంచి సర్దుకుని ముందుగదిలోకి వచ్చింది. తీసుకెళ్లడానికి మైలవరం నుంచి వాళ్లన్నయ్య వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "నేనిక్కడుంటే అత్తయ్యగారికి కష్టం వదినా," అంది మెల్లగా. ఉండమనాల్సింది నేను కాదు. కళ్లు మూసుకుని ప్రభువా అన్నాను.

అమ్మ తొట్టివైపే చూస్తూ కూర్చుని ఉంది.

"ఆ రాళ్లు తియ్యి," అంది.

ఎవరితో అంటోందో మాకు అర్థం కాలేదు.

"నీకే అమ్మాయ్ చెప్పేది. ఆ సంచి లోపల పెట్టి రా. నాకు వంగితే నడుం పట్టేసుద్ది."

మరదలు మోచేతుల దాకా చేతులు నీళ్లలో పెట్టి ఒక్కో రాయీ తీసింది. తీస్తూ ఏడ్చింది. అమ్మ ఆపలేదు. వాకిట్లో ఉన్న వాళ్లన్నయ్యని లోపలికి పిలిచి మంచాలు మార్పించింది. తన మంచం కోడలి గదిలో వేయించుకుంది. "పోపులపెట్టె కూడా ఎక్కడన్నా పెట్టు. పొద్దున్నే వెతుక్కుంటా," అంది.

నేను బస్సుకి బయల్దేరేసరికి తొట్టిలో నీళ్లు ఇంకా తేరుకోలేదు. ఆ మసకలో ఫైర్‌మౌత్ గొంతు ఉబ్బించకుండా, కొత్తగా పేర్చిన రాళ్ల చుట్టూ నెమ్మదిగా తిరుగుతోంది. తిరిగి తిరిగి అద్దం దగ్గరికి వచ్చి, తమ్ముడి కుర్చీ ఉండే చోటికి ఎదురుగా ఆగింది. ఆ కుర్చీ కూడా జరిపేశాం.